తడిసిన ప్రేక్షకుడు పాల్గొన్నట్టేనా?

మన నాటక విమర్శలో రచయితకు చోటుంది, వస్తువుకు చోటుంది, దర్శకుడికీ నటుడికీ అంతో ఇంతో చోటుంది. ప్రేక్షకుడికి మాత్రం చోటు లేదు. అతన్ని "ప్రజలు" అనే ఒక్క మాటలో కలిపేసి ఊరుకుంటాం. "ప్రజలు విశేషంగా ఆదరించారు" అని రాస్తాం. "ప్రేక్షకుల్ని ఉర్రూతలూగించింది" అని రాస్తాం. ఎవరు ఆదరించారు, దేన్ని ఆదరించారు, ఆ ఊపు మరునాటికి ఏమయింది అని అడగం. నాటకం పనిచేసిందో లేదో తేలేది ప్రేక్షకుడి దగ్గరే అయినప్పుడు, అతన్ని పక్కన పెట్టి చేసే విమర్శ సగం విమర్శే.

ఈ ప్రశ్నను చర్చించడానికి అర్జెంటీనాలో పుట్టిన ఒక ప్రదర్శనను ఎంచుకుంటున్నాను. పేరు ఫుయెర్సా బ్రూటా. స్పానిష్ భాషలో "మొరటు బలం" అని అర్థం. దర్శకుడు డికీ జేమ్స్, సంగీతం గాబీ కెర్పెల్. 2005లో బ్వేనస్ ఐరిస్ నగరంలో మొదలై, 2007లో న్యూయార్క్ చేరి, మధ్యలో కొన్ని మార్పులు చేసుకుంటూ 2016 దాకా అక్కడ ఆడింది. ఇంకా ఎన్నో దేశాలు తిరిగింది. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో కథ లేదు, సంభాషణ లేదు, ప్రేక్షకుడికి కుర్చీ లేదు, నటుడికి ప్రత్యేకమైన వేదిక లేదు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ప్రేక్షకుడి ప్రతిస్పందన ఒక్కటే. దాన్ని పరిశీలించడానికి ఇంతకంటే అనువైన ఉదాహరణ దొరకదు.

2008లో న్యూయార్క్‌లో ఈ ప్రదర్శన చూశాను. ముందుగా జనాన్ని ఒక చీకటి హాలులో నిలబెడతారు. ఎటు చూడాలో ఎవరికీ తెలియదు. కాసేపటికి జనం మధ్యలో, తలల కంటే ఎత్తున, తెల్ల సూటు వేసుకున్న మనిషి నడుస్తూ కనిపిస్తాడు. అతని కాళ్ల కింద ట్రెడ్‌మిల్ బెల్టు వెనక్కి జరుగుతుంటుంది. వేగం పెరిగేకొద్దీ నడక పరుగవుతుంది. ఎదురుగా కుర్చీలు, బల్లలు, మనుషులు వచ్చి వెనక్కి కొట్టుకుపోతుంటారు. తుపాకీ పేలుతుంది. తెల్ల బట్టల మీద ఎర్రటి మరక. పడిపోతాడు, లేస్తాడు, మళ్లీ పరుగు. గోడలు ఎదురొస్తే చీల్చుకుని పోతాడు. మరో ఘట్టంలో ఇద్దరు స్త్రీలు తాళ్లకు వేలాడుతూ, నిలువుగా ఉన్న వెండిరంగు తెర మీద, అదే నేల అయినట్టు పరుగెత్తుతారు. ఇంకో ఘట్టంలో మన నెత్తి మీదికి పారదర్శకమైన ప్లాస్టిక్ కొలను ఒకటి వస్తుంది. అందులోని నీళ్లలో స్త్రీలు జారుతూ దొర్లుతూ ఉంటారు. కొలను మెల్లగా దిగి చేతికందేటంత కిందికి వస్తుంది. డప్పుల మోత, పైనుంచి నీళ్లు, నటులూ ప్రేక్షకులూ కలిసి గంతులు. గంటకు కాస్త ఎక్కువ సాగుతుంది.

ప్రదర్శన కంటే నేను ఎక్కువగా చూసింది జనాన్ని. తుపాకీ పేలినప్పుడు హాలంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. మరుక్షణం నవ్వులు వినిపించాయి. ఆ నవ్వు హాస్యానికి వచ్చింది కాదు, భయం తీరినప్పుడు వచ్చే నవ్వు. అతను రెండోసారి లేచినప్పుడు కేకలతో ప్రోత్సహించారు, పరుగు పందెం చూస్తున్నట్టు. కొలను కిందికి దిగినప్పుడు వందల చేతులు పైకి లేచాయి. సగం చేతులు ప్లాస్టిక్‌ను తాకాయి, మిగతా సగం సెల్‌ఫోన్లు పట్టుకుని ఫొటోలు తీశాయి. చివర నీళ్లు పడినప్పుడు జనం స్పష్టంగా రెండుగా చీలారు. యువకులు నీళ్ల కిందికి పరుగెత్తారు. వయసు మళ్లినవాళ్లు, ఖరీదైన బట్టలు వేసుకున్నవాళ్లు సంచులు గుండెకు హత్తుకుని గోడవారకు జరిగారు. కానీ గోడవార నిలబడినవాళ్ల కాళ్లు కూడా డప్పు దెబ్బకు ఆడుతూనే ఉన్నాయి.

బయటికి వస్తుంటే ఎక్కువమంది నోట వినిపించిన అభిప్రాయం ఒకటే. ఏమిటో అర్థం కాలేదు గానీ భలే ఉంది. ఈ అభిప్రాయాన్ని మనం వెక్కిరించి వదిలేయకూడదు. అందులో రెండు నిజాలున్నాయి. "అర్థం కాలేదు" అన్నది ఒక నిజం. "భలే ఉంది" అన్నది మరో నిజం. విమర్శకులు సాధారణంగా ఈ రెంటిలో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తారు.

మన మిత్రుల్లో కొందరు మొదటిదాన్ని పట్టుకుంటారు. ఇది తిని అరగని వర్గాల సర్కస్ అనీ, ఆలోచనను చంపి ఇంద్రియాలను రెచ్చగొట్టే సామ్రాజ్యవాద సంస్కృతికి ఇదొక నమూనా అనీ తేల్చేస్తారు. ఈ తీర్పులో తొందర ఉంది. ఆ హాలులో ఉన్నవాళ్లంతా పెట్టుబడిదారులు కారు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన గుమాస్తాలున్నారు, విద్యార్థులున్నారు, దుకాణాల్లో పనిచేసేవాళ్లున్నారు. రోజంతా ఒక కుర్చీకీ ఒక గడియారానికీ కట్టుబడి, పక్క బల్ల మనిషితో పోటీ పడి బతికే మనిషికి, ముక్కూ మొహం తెలియని వందలమందితో కలిసి గంతులేయడం నిజంగానే సంతోషం. పని నుంచీ తోటి మనిషి నుంచీ పరాయివాడైన మనిషికి సామూహికత మీద ఉండే ఆకలి అది. ఆకలి అబద్ధం కాదు. ఆ ఆకలికి పెట్టిన భోజనం ఎలాంటిదన్నదే ప్రశ్న.

రెండో రకం విమర్శకులు "భలే ఉంది" అన్నదాన్ని పట్టుకుంటారు. అనుభవమే అర్థమనీ, మాటలు లేకపోవడమే విముక్తి అనీ, ప్రేక్షకుణ్ణి కుర్చీ నుంచి లేపడమే విప్లవమనీ అంటారు. ఫ్రెంచి రచయిత ఆంటొనిన్ ఆర్తో 1938లో వెలువడిన తన వ్యాస సంపుటిలో, ప్రేక్షకుణ్ణి మధ్యలో ఉంచి ప్రదర్శన అతన్ని చుట్టుముట్టాలని కోరుకున్నాడు. ఆ కోరిక ఇక్కడ తీరిందంటారు. వీళ్లను నేను ఒక్కటే అడుగుతాను. ఆ హాలులో ప్రేక్షకుడు ఏ నిర్ణయం చేశాడు?

యంత్రం జరగాల్సి వచ్చినప్పుడల్లా సిబ్బంది వచ్చి జనాన్ని ఒక పక్కకు తోసుకుంటూ పోతారు. ట్రెడ్‌మిల్‌కు దారి కావాలంటే మనం తప్పుకోవాలి. భద్రత కోసం అది తప్పనిసరి కావచ్చు. నేను తప్పు పట్టడం లేదు. కానీ దాన్ని స్వేచ్ఛ అనకూడదు. వేదిక మీద పరుగెత్తేవాడి వేగాన్ని బెల్టు నిర్ణయిస్తుంది. కింద నిలబడినవాడి చోటును యంత్రం నిర్ణయిస్తుంది. ప్రేక్షకుడు ఏం చేసినా, చేయకపోయినా తుపాకీ అదే క్షణానికి పేలుతుంది, నీళ్లు అదే క్షణానికి పడతాయి. తడవాలా వద్దా అన్న ఒక్క విషయమే అతని చేతిలో ఉంది. కొలను ఘట్టంలోనూ అంతే. పైన తడిసిన స్త్రీ శరీరాలు, కింద చాచిన చేతులు, మధ్యలో ప్లాస్టిక్ పొర. సామీప్యం ఉన్నట్టే ఉంటుంది, సంబంధం ఉండదు. ఆ నీళ్లలో శరీరాన్ని పణంగా పెట్టి పనిచేస్తున్న కళాకారిణి శ్రమ ఫొటో తీసేవాడికి కనిపించదు. ఆమె తేలికగా కనిపించడానికే అంత కష్టపడుతుంది గనక, కష్టం ఎంత ఎక్కువైతే అంత కనబడకుండా పోతుంది.

అయితే ఈ రూపం ఎక్కడ పుట్టిందో చూడకుండా తీర్పు చెప్పకూడదు. రూపానికీ చరిత్ర ఉంటుంది.

అర్జెంటీనాలో 1976 మార్చి 24న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1983 డిసెంబరు దాకా ఆ పాలన సాగింది. వేలాదిమందిని ఇళ్ల నుంచీ వీధుల నుంచీ ఎత్తుకుపోయి మాయం చేశారు. మానవహక్కుల సంఘాలు ఆ సంఖ్య 30,000 అంటాయి. ఆ పాలనలో నలుగురు ఒకచోట చేరి నిలబడటమే నేరం. 1977 ఏప్రిల్ 30న, తమ బిడ్డల ఆచూకీ అడగడానికి కొందరు తల్లులు ప్లాసా దె మాయో అనే కూడలిలో, అధ్యక్ష భవనం ఎదుట చేరినప్పుడు, ఇక్కడ నిలబడకూడదు, నడవండి అని పోలీసులు గద్దించారు. వాళ్లు నడవడం మొదలుపెట్టారు. తలకు తెల్ల రుమాళ్లు కట్టుకుని, వారం వారం, కూడలి చుట్టూ నడుస్తూనే ఉన్నారు. శరీరాల్ని మాయం చేసే రాజ్యం ఎదుట, మాయం కాని శరీరాల్ని నడిపించి చూపించడమే వాళ్ల నిరసన అయింది.

సైనిక పాలన ముగిసిన మరుసటి ఏడాది, 1984లో, బ్వేనస్ ఐరిస్ నాటక కళాశాల విద్యార్థులు కొందరు "ఓర్గనిసాసియోన్ నెగ్రా" అనే బృందం కట్టారు. బార్సిలోనా నుంచి వచ్చిన లా ఫురా దెల్స్ బావుస్ బృందం ప్రభావం వాళ్ల మీద ఉంది. వాళ్లు హాలుకు పోకుండా వీధిలో, నడిచిపోయే జనం మధ్య ఆకస్మికంగా ప్రదర్శనలిచ్చారు. 1986లో ఒక డిస్కో హాలులో, నిలబడి ఉన్న జనం మధ్యకు చీకటిలో దూకి వాళ్లను చెదరగొట్టే ప్రదర్శన చేశారు. 1989లో నగరం నడిబొడ్డున ఉన్న 67 మీటర్ల పైచిలుకు ఎత్తైన ఒబెలిస్క్ స్తంభం మీది నుంచి తాళ్లతో దిగారు. ఆ బృందంలో పనిచేసిన డికీ జేమ్స్, పిచోన్ బాల్దీనులే తర్వాత 1993లో "డె లా గ్వార్దా" స్థాపించారు. 1995లో "విల్లా విల్లా" ప్రదర్శన తయారు చేశారు. అందులో జనం నెత్తి మీద కాగితపు కప్పు ఉంటుంది. దాని మీద నీడలు కదులుతాయి. కప్పు చిరిగి మనుషులు తాళ్లతో ఊడిపడతారు, వాన కురుస్తుంది, ప్రేక్షకుల్లో కొందరిని పట్టుకుని గాలిలోకి ఎత్తుకుపోతారు. ఫుయెర్సా బ్రూటా దాని తోబుట్టువే.

ఇప్పుడు ఆలోచించండి. చీకటిలోంచి ఎవరో వచ్చి పక్కనున్న మనిషిని అమాంతం ఎత్తుకుపోవడం. 1986 నాటి బ్వేనస్ ఐరిస్ ప్రేక్షకుడికి ఇది విన్యాసం కాదు. తన వీధిలో జరిగిన సంగతి. మూడేళ్ల కిందటి దాకా వెంటాడిన భయం. అతని ఒంట్లో పుట్టే వణుకుకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే ఎత్తుకుపోవడం 1998లో న్యూయార్క్ ప్రేక్షకుడికి వినోదమయింది. తనను ఎత్తుకుపోతే బాగుండునని చేతులు చాచాడు. తాళ్లు అవే, నీళ్లు అవే. మారింది ప్రేక్షకుడి జ్ఞాపకం.

న్యూయార్క్‌లో ఈ రెండు ప్రదర్శనలూ ఆడిన భవనం సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడది డారిల్ రాత్ థియేటర్. ఒకప్పుడు యూనియన్ స్క్వేర్ సేవింగ్స్ బ్యాంకు. దాని ఎదుట ఉన్న కూడలి 1882 సెప్టెంబరు 5న అమెరికాలో మొదటి కార్మిక దినోత్సవ ఊరేగింపు చూసింది. 1930 మార్చి 6న నిరుద్యోగుల మహా ప్రదర్శన చూసింది. కూడలిలో శ్రామికులు తమ నిర్ణయంతో, తమ కాళ్లతో నడిచారు. బ్యాంకు లోపల ప్రేక్షకుడు టికెట్టు కొని, సిబ్బంది జరిపిన చోటికి జరిగాడు. సామూహికత కోసం మనిషి పడే ఆరాటాన్ని సరుకుగా మార్చి అతనికే అమ్మగలగడం పెట్టుబడికి వెన్నతో పెట్టిన విద్య.

పాల్గొనడం అంటే ఏమిటో చెప్పిన మనిషి కూడా అదే నగరంలో ఉన్నాడన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. బ్రెజిల్ సైనిక ప్రభుత్వం 1971లో అరెస్టు చేసి హింసించిన తర్వాత అగస్టో బోవాల్ అర్జెంటీనాలో తలదాచుకున్నాడు. 1973లో పెరూలో అక్షరాస్యతా ఉద్యమంతో కలిసి పనిచేశాడు. పీడితుల నాటకరంగం గురించిన ఆయన పుస్తకం 1974లో బ్వేనస్ ఐరిస్‌లోనే అచ్చయింది. ఆయన పద్ధతిలో ప్రేక్షకుడు నాటకాన్ని ఆపవచ్చు. ఈ పాత్ర ఇలా చేయకూడదు, ఇలా చేయాలి అని చెప్పవచ్చు. తానే లేచి వచ్చి ఆ పాత్రను నటించి చూపవచ్చు. అతని జోక్యంతో కథ మారుతుంది. పాల్గొనడానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఇదే. నేను ఉన్నందువల్ల ఏమన్నా మారిందా?

ఇక్కడ కొందరు నన్ను నిలదీయవచ్చు. అయితే కుర్చీలో కూర్చుని చూసే నాటకమంతా పనికిరానిదేనా అని. ఎంతమాత్రం కాదు. అదే బ్వేనస్ ఐరిస్‌లో, సైనిక పాలన ఇంకా సాగుతుండగానే, 1981 జులై 28న నాటక రచయితలూ నటులూ కలిసి పికాదెరో అనే థియేటర్‌లో "తెయాత్రో అబియెర్తో" ప్రారంభించారు. "తెరిచిన నాటకరంగం" అని అర్థం. చిన్న చిన్న నాటికల వరస. ఆగస్టు 6న ఆ థియేటర్‌ను బాంబులు పెట్టి తగలబెట్టారు. వాళ్లు ఆపలేదు, మరో థియేటర్‌కు మారారు. జనం ముందుకంటే ఎక్కువగా వచ్చారు. ఆ ప్రేక్షకుల మీద ఒక్క చుక్క నీరు పడలేదు. ఎవరూ వాళ్లను గాలిలోకి ఎత్తలేదు. బుద్ధిగా కుర్చీల్లో కూర్చున్నారు. కానీ కాలిపోయిన థియేటర్‌ను చూసి కూడా టికెట్టు కోసం వరసలో నిలబడటం ఒక నిర్ణయం. వాళ్లున్నందువల్ల ఆ నాటకాలు బతికాయి. యూనియన్ స్క్వేర్‌లో తడిసి ముద్దయిన ప్రేక్షకుడి కంటే, అక్కడ కదలకుండా కూర్చున్న ప్రేక్షకుడు ఎక్కువగా పాల్గొన్నాడు.

మరి ఈ విన్యాస రూపం ఇక డబ్బుకు అమ్ముడుపోవడానికేనా? దానికీ సమాధానం వాళ్ల చరిత్రలోనే ఉంది. 2010 మే 25న, అర్జెంటీనా విప్లవానికి 200 ఏళ్లు నిండిన సందర్భంలో, బ్వేనస్ ఐరిస్ వీధుల్లో జరిగిన మహా ఊరేగింపును ఫుయెర్సా బ్రూటా బృందమే నిర్వహించింది. 19 ఘట్టాలు, రెండు వేలమంది దాకా కళాకారులు. టికెట్టు లేదు, వీధి నిండా జనం. ఒక ఘట్టంలో తెల్ల రుమాళ్లు కట్టుకున్న తల్లులు కృత్రిమ వానలో తడుస్తూ గుండ్రంగా నడుస్తారు. రుమాళ్లు చీకట్లో దీపాల్లా వెలుగుతుంటాయి. నేనది చూసింది రికార్డింగులోనే. నీళ్లు అవే నీళ్లు, న్యూయార్క్‌లో గంతులేయించిన నీళ్లు. ఇక్కడ వాటి కింద ఎవరూ గంతులేయలేదు. ఎదుట కనిపిస్తున్నది ఎవరి కథో జనానికి తెలుసు. ఆ తల్లులు ఇంకా అదే నగరంలో నడుస్తున్నారు.

అది ప్రభుత్వం జరిపించిన ఉత్సవం అన్న సంగతి నేను మరవడం లేదు. రాజ్యం జ్ఞాపకాన్ని ఊరేగింపులో పెట్టి దాని పదును తగ్గించగలదు. రేపు ఇదే క్రేన్లతో, ఇదే డప్పులతో మరో ప్రభుత్వం మరో రకం జాతీయోన్మాదాన్ని ఊరేగించగలదు. అందుకే ఈ రూపం ప్రగతిశీలమా, అభివృద్ధి నిరోధకమా అని అడగడం అర్థం లేని పని. జనాన్ని కదిలించగల శక్తి దానికుంది. ఆ కదలికను ఏ జ్ఞాపకానికి, ఏ నిర్ణయానికి ముడిపెట్టారన్నదే తేల్చుకోవాల్సింది.

ఇదంతా మనకెందుకు? మనకూ ఈ శక్తి కొత్తది కాదు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటకాల్లో తీగల మీద మనుషులు ఆకాశం నుంచి దిగుతుంటే ఊళ్లకు ఊళ్లు నోళ్లు తెరుచుకుని చూశాయి. ఊరి బయలులో గడ ఎక్కి, తాడు మీద నడిచి పొట్టపోసుకునే కుటుంబాల చుట్టూ జనం గుండ్రంగా నిలబడి ఊపిరి బిగపట్టారు. ఆ విన్యాసాన్ని మెచ్చుకున్న ఊరే ఆ మనుషుల్ని ఊరి బయట ఉంచింది. చప్పట్లకూ సంబంధానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఇక 1947లో వచ్చిన "మాభూమి" నాటకంలో తాళ్లూ లేవు, నీళ్లూ లేవు. తెలంగాణ రైతు తన బతుకును ఎదుట చూసుకున్నాడు. బాదల్ సర్కార్ 1974 నాటి "మిఛిల్"లో ప్రేక్షకుల మధ్య నుంచే ఊరేగింపును నడిపించి, చివరికి వాళ్లనూ కలుపుకున్నాడు. తక్కువ ఖర్చుతో, యంత్రాలు లేకుండా, ప్రేక్షకుడి పక్కన నిలబడి నాటకం ఆడవచ్చని చూపించాడు.

కానీ ఆ తర్వాత మన నాటకం ఏమయింది? పరిషత్తు పోటీల వేదిక మీద మైకు ముందు నిలబడి ఉపన్యాసం చెప్పేదిగా మిగలడం లేదా? వీధి నాటకం కూడా చాలాచోట్ల ముందే తయారైన జవాబును గట్టిగా అరిచి వెళ్లిపోయేదిగా మారలేదా? ప్రేక్షకుణ్ణి బెల్టు మీద నడిపించేవాడికీ, ప్రేక్షకుడికి ఒక్క ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వకుండా సందేశం వినిపించేవాడికీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు. ఇద్దరికీ ప్రేక్షకుడి నిర్ణయంతో పనిలేదు. పైగా మొదటివాడు కనీసం అతని ఒంటికి సంతోషాన్నిస్తున్నాడు. మనం అదీ ఇవ్వడం లేదు. మనం ఆ ఆకలిని పట్టించుకోకపోతే దాన్ని సొమ్ము చేసుకునేవాడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు.

మన ప్రదర్శనల సమీక్షల్లో ఇకనుంచి రెండు విషయాలు రాయాలని నా సూచన. చూసినవాళ్లు ఎవరు? ప్రదర్శన సాగుతుండగా గానీ, అయిపోయాక గానీ, వాళ్లు ఏం అడిగారు, ఏం కాదన్నారు, ఏం మార్చమన్నారు? ఈ రెంటికీ జవాబు దొరకని ప్రదర్శనకు ఎన్ని చప్పట్లు వచ్చాయన్నది మనకు అక్కరలేని లెక్క.